కన్నున్న ఖలమ్

"ప్రపంచంలో నేరం చేసి తప్పించుకోదగిన ఊళ్ళు ఇంకా చాలా ఉండవచ్చును. కాని నేటి ఉదయం తొమ్మిది గంటల నుంచి ఆ జాబితాలో బోధన్ పేరు లేదు!"

ఈ చరిత్రాత్మక ప్రకటన చేసినవాడు భూమన్న. విన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు, చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్న ఆయన భార్య చంద్రవ్వ. రెండోది గోడ మీద పడుకున్న పిల్లి. పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. చంద్రవ్వకు ఆ వసతి లేదు.

"పేరు ఉంటే ఉండనియ్యి, లేకుంటే పోనియ్యి. ముందు ఆ మేకు కొట్టుడు ఆపు. గోడ పెచ్చులన్ని బియ్యంల పడుతున్నయి. ఇప్పటిదాక ఏరింది మల్ల ఏరాలె" అన్నది ఆమె.

భూమన్న ఆఖరి దెబ్బ కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తలుపు పక్కన వేలాడుతున్న రేకును తృప్తిగా చూసుకున్నాడు. దాని మీద నల్ల రంగుతో, కిందికి జారిన అక్షరాలతో ఇలా ఉంది: "భూమన్న, అపరాధ పరిశోధకుడు. ఎటువంటి రహస్యమైనను ఛేదించబడును. చెరకు కాలంలో సెలవు."

ఆ చివరి మాట గురించి కొంచెం చెప్పాలి. బోధన్‌లో సంవత్సరానికి రెండే రుతువులు. దీపావళి దాటాక చక్కెర ఫ్యాక్టరీ కూత వేస్తే ఒకటి మొదలు. ఎండలు ముదిరి అదే ఫ్యాక్టరీ నోరు మూసుకుంటే రెండోది మొదలు. మొదటి రుతువులో భూమన్న కాంట మీద గుమాస్తా. బండి వెనక బండి, లారీ వెనక లారీ చెరకు తూచి చీటీలు రాయడంలో తల గోక్కోవడానికి కూడా తీరిక ఉండదు. రెండో రుతువును ఊరంతా 'ఆఫ్ సీజన్' అంటుంది. అప్పుడు గోక్కోవడం తప్ప పని ఉండదు. ఖాళీ చేతులు ఊరుకోవు కదా! అందుకే ఆ ఊళ్ళో ప్రతి మగవాడికీ ఏదో ఒక శౌఖు ఉండేది. ఒకడు తీతువు పిట్టల కూతలు నేర్చుకుంటే, ఇంకొకడు అగ్గిపెట్టెల బొమ్మలు కూడబెట్టేవాడు. భూమన్న ప్రాణస్నేహితుడు ఏసుదానం, ఫ్యాక్టరీలో ఫిట్టరు, తాళంకప్పలు లేని తాళంచెవులు పోగుచేసేవాడు. మూడు వందల డెబ్బై చెవులున్నాయి ఆయన దగ్గర. వాటిలో ఏ ఒక్కదానితోనూ ఏదీ తెరుచుకోదు. అదే ఆయనకు ఆనందం.

భూమన్న శౌఖు డిటెక్టివ్ పని. నాలుగేళ్ళ కింద నిజామాబాద్ బస్టాండులో ఒక పాత డిటెక్టివ్ నవల కొన్నాడు. ఇంటికొచ్చి ఏకబిగిన చదివితే చివరి పదహారు పేజీలు లేవు. హంతకుడెవరో తానే ఆలోచించి వంటవాడని తేల్చాడు. ఆ తీర్పు తప్పని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేకపోయారు. అలా పుట్టింది ఆ మేధస్సు. పోయిన ఆఫ్ సీజన్‌లో మూడు కేసులు చేపట్టాడు. మూడింటిలోనూ పోయిన వస్తువులు వాటంతటవే దొరికాయి. ఆ ఘనత కూడా ఆయనే తీసుకున్నాడు.

ఆయనకు ఒక సిద్ధాంతం ఉంది. "అడిగి తెలుసుకొనువాడు పోలీసు. అడగకుండా తెలుసుకొనువాడు డిటెక్టివ్." పుస్తకాల భాష ఆయనకు కేసుల్లోనే వస్తుంది. భయమేస్తే మాత్రం సొంత భాషలోకి దిగిపోతాడు.

అది అరవై ఎనిమిదో సంవత్సరం ఆగస్టు. పది రోజులుగా వాన మొగం చాటేసింది. రేకు కొట్టిన గంటలోపే గడపలో నల్ల బురఖా ఒకటి నిలబడింది. ముసుగు పైకి తీస్తే, ఉస్తానీ అమ్మ.

ఉస్తానీ అంటే పంతులమ్మ. అసలు పేరు అక్తరున్నీసా. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి దిగిపోయింది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఆమె చేతి బెత్తం రుచి చూసినవాళ్ళే. ఆమె భర్త నూరుల్లా సాబు డ్రాయింగు మాస్టరు. ఆయనకు గులాబీల పిచ్చి. పన్నెండేళ్ళు తంటాలు పడి ఒక గులాబీ పుట్టించాడు. రెక్క బయట నెత్తురు ఎరుపు, లోపల గంధం రంగు. అటువంటిది ఇంకెక్కడా లేదని ఆయన అనేవాడు. "ఉంటే ఎంత, లేకుంటే ఎంత, చేతులకు మట్టి కడుక్కొని అన్నానికి రా" అని ఈమె అనేది. పోయినేడు ఆయన పోయాడు. ఈ ఎండాకాలం చెట్టుకు చెద పట్టింది. చెట్టు చచ్చిపోతూ ఉంటే, ఎన్నడూ మట్టి ముట్టని ఉస్తానీ అమ్మ, ఆయన చేతులు ఎలా కదిలేవో గుర్తు చేసుకుని, పచ్చిగా మిగిలిన ఒకే ఒక్క కొమ్మను కోసి అడవి గులాబీ మొదటికి కట్టింది. రెండు రోజులు ఊరికి పోయి వచ్చేసరికి అది కుండీతో సహా మాయమైంది.

కొమ్మ కోసి కట్టే ఆ అంటును ఉర్దూలో ఖలమ్ అంటారు. రాసే కలాన్ని కూడా ఖలమ్ అనే అంటారు. ఉస్తానీ అమ్మ పోగొట్టుకున్నది మొదటిది. ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా చదివిన భూమన్నకు తెలిసింది రెండోదే. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇద్దరి బతుకూ బాగుపడేది. కాని సిద్ధాంతం ఒకటి ఉందని చెప్పుకున్నాం కదా.

"చిన్నదని నవ్వొద్దు బేటా. పోలీసోళ్ళ కాడికి పోతే నవ్వుతరు. నా ఖలమ్ పోయింది" అన్నది ఆమె, పీట మీద కూర్చుంటూ.

"ఈ గోడల మధ్య నవ్వు నిషిద్ధం" అన్నాడు భూమన్న. "ఆనవాళ్ళు సెలవియ్యండి."

"గింతంత ఉంటది, జానెడు. మెడకు ఎర్ర గుడ్డ పట్టి కట్టిన. మా సాబుదే. ఆయన చేతిది ఇగ అదొక్కటే మిగిలింది లోకంల."

"ఎర్ర గుడ్డ" అని భూమన్న రాసుకున్నాడు. పెద్దవాళ్ళు కలాలను ఎంత అపురూపంగా చూసుకుంటారో అనుకున్నాడు.

"పొద్దుగాల్ల జర, సాయంత్రం జర నీళ్ళు పొయ్యాలె. ఎండకు పెట్టొద్దు. నాలుగు దినాలు నీళ్ళు లేకుంటే ఎండి ఖతమైతది బేటా. మల్ల ఎంత పోసినా పనికి రాదు."

సిరా ఎండిపోతే కలం పట్టేస్తుందని భూమన్నకు తెలుసు. కాంట మీద ఎన్ని కలాలు అలా చచ్చాయో! ఆయన సానుభూతిగా తలూపాడు.

"బతికి ఉంటే ఈ పాటికి కన్ను విచ్చుతది" అన్నది ఉస్తానీ అమ్మ. "ఆ కన్ను ఒక్కసారి చూస్తే చాలు నాకు."

భూమన్న చేతిలోని పెన్సిల్ ఆగిపోయింది.

"కన్నా?" అనబోయాడు. అది ప్రశ్న అవుతుందని గుర్తొచ్చి మింగేసి, "కన్ను!" అన్నాడు గంభీరంగా. "చాలు. ఇక చెప్పకండి. గోడలకు చెవులుంటాయి."

ఉస్తానీ అమ్మ గోడల వైపు ఒకసారి చూసి, ముసుగు దించుకుని వెళ్ళిపోయింది.

ఆమె గడప దాటీ దాటకముందే భూమన్న నల్ల వానకోటు తొడుక్కుని ఏసుదానం ఇంటి మీద పడ్డాడు. ఎండ మాడుస్తోంది. వానకోటులో మనిషి ఉడుకుతున్నాడు. అయినా డిటెక్టివ్ అన్నాక కోటు తప్పదు.

"ఏసూ! కన్ను ఉండే కలం ఏంది?"

తాళంచెవులకు కొబ్బరినూనె రాస్తున్న ఏసుదానం తల ఎత్తి, "కలానికి కన్నేందన్నా? పాళీ ఉంటది" అన్నాడు.

"ఫోటోలు దించే కలం! దేశాల రహస్యాలు దించే కలం! నూరుల్లా మాస్టారు మన సర్కారు రహస్య మనిషి. ముప్పై ఏండ్లు పెరట్లో మట్టి తవ్విండు. గులాబీలకు గంత లోతు తవ్వుతరా ఎవలన్న? కాయితాలు దాచిండు! ఆయన పోంగనే శత్రువులు కలం ఎత్తుకపోయిండ్రు. ఇగ మన ఫ్యాక్టరీ నక్ష వాళ్ళ చేతుల పడ్డట్టే."

"మన చక్కెర ఫ్యాక్టరీ నక్ష వాళ్ళేం చేసుకుంటరన్నా?"

"ఎందుకు, వాళ్ళు చాయ్ తాగరా?"

ఏసుదానం నూనె చేతులు తుడుచుకుని, "ఆమె ఇంట్ల పెంటవ్వ పని చేస్తది గద. అడుగుదాం పా" అన్నాడు.

"పెంటవ్వ మొన్ననే రెంజల్ పోయిందట, బిడ్డ కాన్పుకు. ఉన్నా అడగ. పనిమనిషిని అడుగుడు చిల్లర డిటెక్టివుల పని" అన్నాడు భూమన్న.

"ఉస్తానీ అమ్మనన్న సరిగ్గ అడిగినవా, అది ఎట్లాంటి ఖలమో?"

భూమన్న ఆయన వైపు జాలిగా చూశాడు. నాలుగేళ్ళుగా పక్కనే ఉన్నా ఈ మనిషికి సిద్ధాంతం ఎక్కలేదు.

మర్నాడు పొద్దున ఉస్తానీ అమ్మ ఇంటి ప్రహరీ బయట దుమ్ములో భూమన్న బోర్లా పడుకుని ఉన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. అక్కడ నీలం రంగు మరకలు, ఒకదాని వెనక ఒకటి, సందు చివరి దాకా ఉన్నాయి.

"సిరా" అన్నాడు గుసగుసగా. "దొంగల కాళ్ళకు సిరా అంటింది. ఇద్దరు మనుషులు. చెప్పులు లేవు. ఇంకొక భయంకరమైన సంగతి చూడు ఏసూ. ఒక్కొక్క కాలికి రెండే రెండు వేళ్ళు!"

ఏసుదానం వంగి చూశాడు. "అన్నా, అవి ఎద్దు గిట్టలు."

"సరిగ్గా నువ్వు అట్ల అనుకోవాలనే వాళ్ళు అట్ల నడిచిండ్రు!"

రెండు వేళ్ళ ముఠాను వెంటాడుతూ ఇద్దరూ ఊరి చివర పోశయ్య కొట్టం దాకా వెళ్ళారు. పోశయ్య చెరకు బండి తోలేవాడు. తడిక సందులోంచి భూమన్న చూసిన దృశ్యం ఏ నవలలోనూ లేదు. పోశయ్య కింద కూర్చుని, పళ్ళెంలో నీలం నీళ్ళు పెట్టుకుని, ఎద్దు కాలు అందులో ముంచి, తెల్ల కాగితం మీద ఒత్తి, "శాబాష్ రా బిడ్డా, మంచిగ పడ్డది" అని ఎద్దును ముద్దు చేస్తున్నాడు.

"చేతులు పైకెత్తు!" అని భూమన్న తడిక తోసుకుని లోపలికి దూకాడు.

పోశయ్య చేతులు ఎత్తాడు. ఎద్దు కాలు ఎత్తింది. పళ్ళెం లేచి భూమన్న నెత్తిన బోర్లా పడింది. నీలం నీళ్ళు ముఖం మీది నుంచి మీసాల్లోకి కారుతుండగా ఆయన, "సిరా ఎక్కడిది? కలం ఎక్కడ దాచినవ్?" అని అరిచాడు. ముఠా సభ్యుడిని అడగడం ప్రశ్న కిందికి రాదట.

"సిరా ఏంది కాంట సారూ? బట్టలకు పెట్టే నీలిమందు" అన్నాడు పోశయ్య. తర్వాత సిగ్గుపడుతూ గూట్లోంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. పేజీకి ఒక గిట్ట. కింద ఎద్దు పేరు, ఊరి పేరు. "నూట నలభై ఎడ్లయినయి. గిట్ట చూసి ఎవని ఎద్దో చెప్త. నవ్వుతరని ఎవలకు చూపలే. మా ఎద్దు మాత్రం నిన్న కాలు కడగకముందే గుంజుకొని ఊరంత తిరిగొచ్చింది."

ఏసుదానం పుస్తకాన్ని భక్తిగా తిరగేస్తూ అక్కడే కూర్చుండిపోయాడు. ఒక శౌఖు మనిషికి ఇంకొక శౌఖు మనిషి దొరికితే అంతే. భూమన్న చెయ్యి పట్టి లాక్కుపోవాల్సి వచ్చింది.

ఇంటికి పోతే చంద్రవ్వ ఆ నీలం మొహం చూసి గుర్తుపట్టనట్టు, "ఇంట్ల మొగోడు లేడు, తర్వాత రా" అన్నది.

మూడో రోజు. ఉస్తానీ అమ్మ రెండుసార్లు కబురు పంపింది. "ఇంకొక్క దినం దాటితే ఎండుతది, ఏమన్న తెలిసిందా" అని. ఆమె అన్నం తినడం లేదని ఆ కబురు తెచ్చిన ఆవిడే చెప్పింది. భూమన్నకు మనసులో ఏదో గుచ్చుకుంది. కాని మేధావులకు అటువంటివి పట్టించుకునే వ్యవధి ఉండదు. దర్జీ ఖాసిం మియా రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి, వెనక గదిలో పరదా వేసుకుని ఏదో రాస్తున్నాడని అప్పుడే తెలిసింది మరి.

కిటికీ కింద నక్కి ఇద్దరూ విన్నారు. లోపల ఖాసిం మియా భూతద్దం మీదికి వంగి, వెంట్రుకంత పాళీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి గొణుగుతున్నాడు. "బాసర అయింది... ధర్మాబాద్ అయింది... ఉమ్రి అయింది. ఇక ముద్ఖేడ్..."

"వింటున్నవా?" అన్నాడు భూమన్న, ఏసుదానం చెయ్యి నొక్కి. "కలాన్ని సరిహద్దు దాటిస్తున్నరు. ఊరూరికి మనిషిని పెట్టిండ్రు."

ఇంతలో నిన్నటి నీలిమందు ముక్కులో ఎక్కడో మిగిలినట్టుంది. "ఖాసిం! నీ ఆట కట్టింది!" అని పరదా లాగి లోపలికి అడుగుపెట్టిన భూమన్న, ఆ మాట వెంటనే ఇల్లు అదిరేలా తుమ్మాడు.

ఖాసిం మియా ముందున్న నల్లగుడ్డ మీద ఒకే ఒక్క బియ్యపు గింజ ఉండేది. ఇప్పుడు లేదు. గింజ గాల్లో తేలి గడప అవతల పడింది. అక్కడ తిరుగుతున్న పెట్ట దాన్ని ఒక్క పోటున మింగి, ఇంకా ఉన్నాయేమోనని భూమన్న వైపు చూసింది.

ఖాసిం మియా భూతద్దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. "కాచిగూడ నుంచి మన్మాడు దాకా. అన్ని స్టేషన్ల పేర్లు. ఒక్క బియ్యపు గింజ మీద. నాలుగు నెలల పని భూమన్నా. నాలుగు నెలలు! ఇంకో ముప్పై నలభై స్టేషన్లు రాస్తే అయిపోతుండె."

"కోడిని కోస్తే..." అని సలహా చెప్పబోయాడు భూమన్న.

ఖాసిం మియా గజం బద్ద అందుకున్నాడు. అపరాధ పరిశోధకుడు కాళ్ళకు బుద్ధి చెప్పాడు. "మల్ల ఈ గల్లీల కనవడితే నిన్ను కోస్త!" అన్న మాట సందు మలుపు దాకా ఆయన్ను తరిమింది.

నాలుగో రోజు సాయంత్రం నాలుగు గంటలకు భూమన్న ఉస్తానీ అమ్మ ఇంట్లో ఉన్నాడు. నేరం జరిగిన స్థలాన్ని మొదటి రోజే చూడాలని ఏసుదానం అన్నాడు. చివరి రోజు చూడటమే కొత్త పద్ధతి అని భూమన్న అన్నాడు. నీళ్ళ కుండల వెనక గూట్లో ఉన్న చెంబెడు నీళ్ళలో చెయ్యి పెట్టాడు. తడిగుడ్డ తగిలింది. విప్పితే పెన్ను! మెరూన్ రంగు పెన్ను, బంగారు పాళీ. గుడ్డలోంచి, పెన్నులోంచి, అన్నిట్లోంచీ నీళ్ళు కారుతున్నాయి.

భూమన్న కోటు గుండీలు సర్దుకున్నాడు. ఛాతీ ఉబ్బించి, అరచేతిలో పెన్ను పెట్టుకుని ముందుగదిలోకి వచ్చి, "అమ్మా! శత్రువుల వ్యూహం భగ్నమైంది. ఇదిగో మీ ఖలమ్!" అన్నాడు.

ఉస్తానీ అమ్మ గబుక్కున లేచింది. చూసింది. మళ్ళీ కూర్చుంది.

"ఇది నా రాసుకునే పెన్ను బేటా. నీళ్ళల్ల ఎవరు నానబెట్టిండ్రు దీన్ని?" అన్నది అయోమయంగా. ఆ తర్వాత ఆమెకే తట్టింది. "హాయ్ అల్లా! పెంటవ్వకు చెప్పి పోయిన. ఖలమ్ పైలం, పొద్దుగాల్ల సాయంత్రం నీళ్ళు పొయ్యి, ఎండకు పెట్టకు అని. పిచ్చిది, పెన్నుకు పోసింది! మరి నువ్వు? నువ్వు గూడ దీన్నే వెతికినవా ఇన్ని దినాలు?"

భూమన్న నోరు తెరిచాడు. అందులోంచి పుస్తకాల భాష రాలేదు. ఏ భాషా రాలేదు.

"ఖలమ్ అంటే చెట్టు బేటా! గులాబీ. ఆయన చెట్టు. నా చేతులతోటి అంటు కట్టిన." ఆమె తన రెండు చేతులు చాపి చూపింది. వేళ్ళ మీద ముళ్ళు గీరిన గీతలు ఇంకా మానలేదు. "మైనం దొరకకపోతే పసుపు పెట్టి, ఎర్ర గుడ్డ కట్టి, కుండీల పెట్టిన. నాలుగు దినాలని చెప్తి గద. అయిపోయినయి. ఇగ దొరికినా కట్టెనే."

ఆమె ఏడవలేదు. తిట్టనూ లేదు. తిట్టినా బాగుండుననిపించింది భూమన్నకు. నాలుగు రోజులు ఎద్దుల వెంట, గింజల వెంట తిరిగాడు తాను. ఈ ముసలామె నాలుగు రోజులు అన్నం మానుకుని కూర్చుంది. కోటు విప్పి చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాడు. గడప బయట నిలబడ్డ ఏసుదానం ఆ కోటును తన చంకలోకి తీసుకున్నాడు. మంచి స్నేహితుడు.

తల వంచుకుని నడుస్తున్న భూమన్న ఏ గల్లీలోకి పోతున్నాడో చూసుకోలేదు.

"దొరికినవ్ బేటా!"

ఖాసిం మియా! చేతిలో గజం బద్ద. భూమన్న పారిపోవడానికి దారి చూసుకున్నాడు. ముందు ఖాసిం, వెనక గోడ, ఎడమవైపు ఒక ఇరుకు సందు. సందు మొదట్లో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి, "అయ్యో, అటు పోకు, అటు పోకు!" అని అరిచారు. గజం బద్ద తగిలేటప్పుడు ఎవరి సలహా ఎవరు వింటారు? భూమన్న ఆ సందులో పడి పరుగెత్తాడు. సందు చివర మూడు తొవ్వలు కలిసేచోట నేలంతా బురద. ఇన్ని రోజులుగా చుక్క వాన లేని ఊళ్ళో బురద ఎక్కడిదని ఏ డిటెక్టివ్ అయినా ఆలోచించాలి. ఈయన జారి, నాలుగు గజాలు బోర్లా పోయి, దేనికో ముక్కు తగిలి ఆగాడు.

కళ్ళు తెరిచాడు. కుంకుమ. పసుపు. ఎండుమిరపకాయలు. చుట్టూ గుచ్చిన వేపకొమ్మలు. వాటి మధ్య ఏడు నిమ్మకాయల దండ కట్టిన మట్టి కుండీ. కుండీలో ఎండుపుల్ల, దానికి పసుపు పూసి కట్టిన ఎర్ర గుడ్డ.

"బాణామతి!" అన్నారు వెనక చేరిన జనంలో ఎవరో. "ఐదు దినాల సంది గీ తొవ్వల ఎవలు నడుస్తలేరు. అయిపోయిండు భూమన్న!"

అపరాధ పరిశోధకుడు లేవబోయాడు. బురదలో కాలు జారి మళ్ళీ అక్కడే పడ్డాడు. ముక్కుకు బెత్తెడు దూరంలో ఆ పుల్ల. దాని మీద, ఎర్ర గుడ్డకు కాస్త పైన, ఏదో చిన్నది, ఎర్రగా, తడిగా, పగిలి ఆయన వైపే చూస్తోంది.

"అమ్మో! కన్ను!" అని భూమన్న గావుకేక పెట్టాడు. "కన్ను తెరిచిందిరో! నన్నే చూస్తుందిరో! చంద్రీ, నేను పోతున్ననే!"

జనం ఒక్క దూకులో సందు బయటికి పోయారు. ఖాసిం మియా అందరికన్నా ముందున్నాడు. అక్కడ మిగిలింది ఏసుదానం ఒక్కడే. అతను నెమ్మదిగా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు.

"అన్నా" అన్నాడు. "లే. గది చిగురు. గులాబీ చిగురు."

భూమన్న కళ్ళు గట్టిగా మూసుకునే, "చూస్తుందా ఇంకా?" అని అడిగాడు.

"చూస్తుంది. బతికే ఉన్నది. లే అన్నా, ఇదే ఉస్తానీ అమ్మ ఖలమ్."

విషయం అంతా కుండీని మోసుకొస్తుండగా దారిలో తేలింది. మూడు తొవ్వల కాడ అది కనబడ్డ రోజు నుంచి ఆ గల్లీ ఆడవాళ్ళు భయంతో, దాన్ని చల్లబరచడానికి, దేవతకు పోసినట్టు సాక నీళ్ళు పోశారట. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు, దూరం నుంచే. ఎండ తగిలితే దానికి కోపం వస్తుందని ఒకామె చుట్టూ వేపకొమ్మలు గుచ్చింది. ముట్టుకునే ధైర్యం మేకకు కూడా ఇవ్వకుండా వంతులవారీగా కాపలా కాశారు. నూరుల్లా సాబు బతికి ఉంటే తన చెట్టును ఇంతకన్నా బాగా చూసుకుని ఉండేవాడు కాదు.

మిగతాది ఉస్తానీ అమ్మ గడపలో తేలింది. రెంజల్ బస్సు దిగి, మనుమరాలు పుట్టిందని చెప్పడానికి అప్పుడే వచ్చిన పెంటవ్వ, భూమన్న చంకలోని కుండీని చూసి గుండె బాదుకుంది.

"వామ్మో, మల్ల తెచ్చిండు! అమ్మా, ఎవడో నీ మీద చేతబడి చేసిండనుకున్న. పసుపు, ఎర్ర గుడ్డ... నీకు చెప్తే బెదురుతవని సప్పుడు చెయ్యకుంట తీస్కపోయి, నిమ్మకాయలు కట్టి, కుంకుమ చల్లి మూడు తొవ్వలల్ల పెట్టిన. నీ ఖలమ్‌ను సూడు, ఎంత పైలంగ సూసిన్నో! రెండు పూటల నీళ్ళు పోసిన!"

ఉస్తానీ అమ్మ ఆమెను ఏమీ అనలేదు. కుండీని రెండు చేతులా అందుకుని, గడపలోనే కూలబడి, చిగురును వేలి కొసతో తాకీ తాకనట్టు తాకింది. చూపు చాలక ఇంకా దగ్గరికి వంగింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి, కుండీ చుట్టూ కట్టి ఉన్న నిమ్మకాయలను ఒక్కొక్కటే తీసి పెంటవ్వ చేతిలో పెట్టింది.

"షర్బత్ చెయ్యి. అందరికి."

వీధిలో ఊరు సగం నిలబడి ఉంది. ఒక్కసారిగా అందరూ వెనక్కి జరిగారు. బాణామతి నిమ్మకాయల షర్బత్! పెంటవ్వ మొగం పక్కకు తిప్పుకుని పిండింది, తిప్పుకునే చక్కెర కలిపింది. మొదటి గ్లాసు భూమన్న ముందుకు వచ్చింది. ఆయన ఏసుదానం వైపు చూశాడు. ఏసుదానం ఆకాశం వైపు చూశాడు.

"తాగు బేటా. ఇయ్యాల నాకు సంబంధించిందేది ఎవరికి చెడు చెయ్యదు" అన్నది ఉస్తానీ అమ్మ.

భూమన్న కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. వీధి ఊపిరి బిగబట్టి చూసింది. ఒక నిమిషం గడిచింది. మనిషి పడలేదు. ఖాసిం మియా గజం బద్ద గోడకు ఆనించి, "నాకు కూడ ఒకటి" అన్నాడు. ఆ తర్వాత పెంటవ్వకు ఊపిరి సలపలేదు. పోశయ్య వచ్చాడు, ఎద్దుతో సహా. చంద్రవ్వ కూడా వచ్చి, మొగుడు బురదలో ఉన్నా బతికే ఉన్నాడని చూసుకుని, ఒక గ్లాసు తీసుకుంది. ఒక్కొక్కరే వంగి ఆ గింతంత చిగురును చూసి పోతున్నారు.

వాళ్ళందరినీ చూస్తూ ఉస్తానీ అమ్మ మెల్లగా అన్నది. "ఒక్కొక్క పువ్వు పూసినప్పుడల్ల పిలిచేటోడు. వచ్చి చూడు, ఒక్కసారి వచ్చి చూడు అని. ముప్పై ఏండ్లు పిలిచిండు. పొయ్యి కాడి నుంచి లేచి ఒక్కనాడన్న పోలే నేను. ఇయ్యాల ఊరంత వచ్చింది చూస్తందుకు, పువ్వు గూడ కాదు, గింత కన్నును. ఆయన లేడు."

భూమన్న తన చేతిలోని ఖాళీ గ్లాసును చూసుకుని, ఆమె ముందుకు చాపాడు.

"ఇంకో గ్లాసు పొయ్యమ్మా" అన్నాడు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి, గ్లాసు నిండా పోసింది.